దుమ్ము చోటు మారితే శుభ్రమైనట్లు కాదు

పరిశుభ్రత గురించి చిన్నప్పటి నుంచి మనం చదవని పాఠం లేదు. చేతులు కడుక్కోవాలి, పరిసరాలు శుభ్రంగా ఉంచుకోవాలి అని రెండవ తరగతి నుంచీ పరీక్షల్లో రాస్తూనే ఉన్నాం. అయితే ఆ పాఠాలన్నీ ఇంటికీ, బడికీ, వీధికీ సంబంధించినవి. రోజులో ఎనిమిది గంటలు, ఒక్కోసారి పన్నెండు గంటలు మనిషి గడిపే మిల్లునూ, ఫ్యాక్టరీనీ ఎలా శుభ్రం చేయాలో ఏ తరగతిలోనూ మనకు చెప్పలేదు. "అదేముంది, చీపురు పుచ్చుకుని ఊడవడమేగా!" అని చాలామంది అనుకుంటారు. కాని వాకిట్లో చీపురు చేసే పని వేరు, మిల్లులో చీపురు చేసే పని వేరు. నాలుగు గోడల మధ్య, మెత్తటి పొడి మీద చీపురు ఆడిస్తే ఆ పొడి నేల మీది నుంచి గాలిలోకి లేస్తుంది. కొంత ఊడ్చేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలింది పైనున్న దూలాల మీదా, దీపాల మీదా పోయి కూర్చుంటుంది. నేల మాత్రం తళతళలాడుతుంది. అంటే దుమ్ము పోలేదు, చోటు మారింది. దుమ్మును కదిలించడం వేరు, తొలగించడం వేరు. పారిశ్రామిక పరిశుభ్రతలో తక్కిన సూత్రాలన్నీ ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

బియ్యపు మిల్లు, పిండి మిల్లు, పత్తి జిన్నింగ్ మిల్లు, చక్కెర ఫ్యాక్టరీ, మందుల ఫ్యాక్టరీ - వీటన్నిటిలోనూ ఉమ్మడిగా ఉండే శత్రువు దుమ్మే కాబట్టి ఈ వ్యాసాన్ని దానికే పరిమితం చేస్తున్నాను.

కళ్ళంలో ఉన్న భౌతికశాస్త్రం

మాది వ్యవసాయ కుటుంబం. కళ్ళంలో తూర్పారబట్టడం చూసిన వాళ్ళకు దుమ్ము స్వభావం కొత్తగా చెప్పక్కరలేదు. చాటతో ధాన్యం ఎత్తి గాలికి వదిలితే గట్టి గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది. తాలు గింజ రెండు మూడు అడుగుల దూరాన పడుతుంది. పొట్టు ఇంకా అవతలికి పోతుంది. మెత్తటి ధూళి మాత్రం ఎక్కడ పడిందో ఎవరికీ కనిపించదు. అందుకే గాలి వాలున ఎవ్వరూ నిలబడరు. చదువు లేని మా తాత కూడా చాట ఎత్తే ముందు గుప్పెడు పొట్టు వదిలి గాలి ఎటు వీస్తోందో చూసుకునేవాడు.

ఇందులో ఉన్నదే స్టోక్స్ సూత్రం. ఆముదంలో చిన్న గోళీలు వదిలి స్నిగ్ధత కొలిచే ప్రయోగం మన ల్యాబులో చేసినదే. చిన్న గోళం పడే వేగం దాని వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే కణం పది రెట్లు చిన్నదైతే అది కిందికి దిగే వేగం వంద రెట్లు తగ్గుతుంది. నీటితో సమానమైన సాంద్రత ఉన్న కణాన్ని తీసుకుని, కదలని గాలిలో లెక్క కట్టి చూడండి. 10 మైక్రాన్ల కణం సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. మనిషి ముక్కు ఎత్తు, అనగా ఒకటిన్నర మీటర్లు దిగడానికి దానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. అదే 1 మైక్రాన్ కణానికైతే పన్నెండు గంటలు చాలవు! యంత్రాలు తిరిగే చోట గాలి ఎప్పుడూ కదలకుండా ఉండదు కాబట్టి అసలు దిగనే దిగకపోవచ్చు.

దీన్నిబట్టి తేలేదేమంటే, పొద్దున ఆరు గంటలకు పొడి చీపురుతో లేపిన సన్నని దుమ్ము సాయంత్రం ఆరు గంటలకు డ్యూటీకి వచ్చినవాడి ముక్కులోకి పోగలదు. ఊడ్చినవాళ్ళు ఇంటికి పోయినా వాళ్ళు లేపిన దుమ్ము ఇంకా షిఫ్టులోనే ఉంటుంది.

ఊపిరితిత్తులకు చేరేది ఏది?

కంటికి కనిపించే పెద్ద నలుసులు మనల్ని అంతగా బాధించవు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ వాటిని పట్టేస్తాయి. తుమ్ముతోనో దగ్గుతోనో బయట పడతాయి. సుమారు 10 మైక్రాన్ల కన్న చిన్నవి లోపలి గొట్టాల దాకా పోతాయి. 4, 5 మైక్రాన్ల లోపువి ఆక్సిజన్ రక్తంలో కలిసే చిట్టచివరి గాలి తిత్తుల్లోకి చేరుతాయి. అక్కడ చేరిన రాతి దుమ్ము సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బుకు నయం చేసే మందు లేదు.

పత్తి దుమ్ము సంగతి మరో విధం. బట్టల మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో వచ్చే బిసినోసిస్ అనే జబ్బుకు ఒక చిత్రమైన లక్షణం ఉంది. ఆదివారం సెలవు గడిపి సోమవారం పనిలోకి వచ్చిన రోజునే ఛాతీ బిగబట్టినట్లవుతుంది. వారం గడిచేకొద్దీ తగ్గినట్లు అనిపిస్తుంది. మొదట్లో సోమవారానికే పరిమితమైన ఆయాసం ఏళ్ళు గడిచేసరికి వారమంతా ఉంటుంది. 1950ల్లో ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో షిల్లింగ్ అనే వైద్యుడు ఈ సోమవారపు లక్షణాన్ని ఆధారం చేసుకునే జబ్బు తీవ్రతను మెట్లుగా విభజించాడు. అమెరికాలో 1978లో చేసిన పత్తి దుమ్ము నిబంధనలు నూలు వడికే చోట ఘనపు మీటరు గాలిలో 200 మైక్రోగ్రాములకు మించి సన్నని దుమ్ము ఉండరాదన్నాయి. అంతటితో ఆగలేదు. మరో మార్గం ఉన్నచోట కంప్రెసర్ గాలితో యంత్రాలను ఊది శుభ్రం చేయరాదనీ, నేలను వాక్యూమ్‌తో గాని దుమ్ము లేవని మరో పద్ధతిలో గాని శుభ్రం చేయాలనీ రాశాయి. శుభ్రం చేసే పద్ధతే జబ్బుకు కారణం కాగలదని చట్టం ఒప్పుకున్నట్లే గదా!

మా పిన్ని ఒక బియ్యపు మిల్లులో ఊడ్చే పనికి పోతుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలంతా తవుడు చల్లినట్లుంటుంది. కిందటి వేసవిలో ఆమెను అడిగాను: "ఏం పిన్నీ, ముక్కుకు ఏదైనా కట్టుకోవచ్చుగా?" ఆమె నవ్వి, "చెంగు అడ్డం పెట్టుకుంటూనే ఉంటాంరా. పొద్దున ఊడ్చిన చోట మధ్యాహ్నానికి మళ్ళీ అంతే పడుతుంది. దొర వచ్చేసరికి నేల మీద కనపడకూడదు, అంతవరకే మాకు చెప్పింది" అంది. పనిలో లోపం ఆమెది కాదు. ఆమెకు ఇచ్చిన పనిముట్టు చీపురు ఒక్కటే. చూసేవాళ్ళు చూసేది నేల ఒక్కటే. చీర చెంగు నేత సందుల్లోంచి 5 మైక్రాన్ల కణం ఎంత సులువుగా పోతుందో మైక్రోస్కోపు కింద చెంగును ఒక్కసారి చూసినవాళ్ళకు అర్థమవుతుంది.

దుమ్ము పేలుతుందా?

దగ్గు, ఆయాసం నెమ్మదిగా వచ్చే నష్టం. దుమ్ముకు మరో గుణం ఉంది, అది క్షణంలో చంపుతుంది. పిండి, చక్కెర, తవుడు, పత్తి, రంపపు పొట్టు, అల్యూమినియం పొడి - ఇవన్నీ గాలిలో తగినంత లేచినప్పుడు నిప్పు తగిలితే పేలుతాయి.

ఇది ఈనాటి సంగతి కాదు. 1785 డిసెంబరు 14న ఇటలీలోని టూరిన్ నగరంలో ఒక రొట్టెల వ్యాపారి పిండి కొట్టులో కుర్రవాడొకడు దీపం పెట్టుకుని పిండి తోడుతున్నాడు. పైనుంచి పిండి ఒక్కసారిగా జారిపడి గదంతా మేఘంలా కమ్మింది. దీపం అంటుకుని పేలింది. మొరోజో అనే ప్రభువు దీన్ని పరిశీలించి రాసిన వివరణే పిండి పేలుడు మీద మనకు దొరికే తొలి శాస్త్రీయ రచనల్లో ఒకటి. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండి మిల్లు ఇలాగే పేలి 18 మంది చనిపోయారు.

మరి డబ్బాలో ఉన్న చక్కెర ఎందుకు పేలదు? ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 మైక్రాన్ల ఘనాలుగా నూరితే వంద కోట్ల ముక్కలై, మొత్తం ఉపరితలం 6,000 చదరపు సెంటీమీటర్లవుతుంది. అంటే ఆక్సిజన్ తగిలే చోటు వెయ్యి రెట్లు పెరిగింది. పొయ్యిలో మొద్దు నిదానంగా కాలి, రంపపు పొట్టు భగ్గుమనడానికి కారణం ఇదే. అయితే దుమ్ము పేలాలంటే ఐదు కలవాలి: కాలే పొడి, ఆక్సిజన్, నిప్పు, పొడి గాలిలో లేవడం, నాలుగు వైపులా మూసిన చోటు. గాలిని మనం తీసెయ్యలేం. గోడల్ని తీసెయ్యలేం. నిప్పురవ్వ రాకుండా ఎంత జాగ్రత్తపడినా వేడెక్కిన ఒక్క బేరింగు చాలు. మన చేతిలో ఉన్నది పేరుకున్న పొడిని తీసెయ్యడమే. అందుచేత ఇలాంటి ఫ్యాక్టరీల్లో శుభ్రత అనేది అందానికి సంబంధించిన విషయం కాదు, మందుగుండును తరలించే పని.

ఎంత పొడి ఉంటే ప్రమాదం? లెక్క చూద్దాం. ఘనపు మీటరుకు 500 కిలోలు తూగే పిండి నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన పడి ఉందనుకోండి. చదరపు మీటరుకు అర కిలో పిండి అన్నమాట. అది 5 మీటర్ల ఎత్తున్న గదిలో అంతటా లేస్తే ఘనపు మీటరుకు 100 గ్రాములవుతుంది. పిండి, చక్కెర వంటి చాలా పొడులు పేలడానికి అంతకన్న తక్కువే చాలు. ఒక్క మిల్లీమీటరు! అందుకే అమెరికా అగ్నిమాపక ప్రమాణాల్లో 0.8 మిల్లీమీటర్ల మందాన్ని హద్దుగా చెప్పుకుంటూ వచ్చారు.

2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, పోర్ట్ వెంట్‌వర్త్ అనే ఊళ్ళోని ఇంపీరియల్ చక్కెర ఫ్యాక్టరీలో జరిగింది ఇదే. చక్కెర నిలవచేసే పెద్ద గాదెల కింద నడిచే కన్వేయర్ బెల్టుకు, చక్కెరలో నలుసులు పడకుండా 2007లో చుట్టూ ఉక్కు రేకులు బిగించారు. సరుకు శుభ్రంగానే ఉంది, కాని దుమ్ము బయటికి పోయే దారి లేక లోపలే చిక్కబడింది. బహుశా వేడెక్కిన బేరింగు వల్ల మొదటి పేలుడు వచ్చింది. అది చిన్నదే. ఆ ఊపుకు ఫ్యాక్టరీ దూలాల మీదా, నేల మీదా ఏళ్ళుగా పేరుకున్న చక్కెర పొడి లేచి, ఒకదాని వెంట ఒకటి పేలుళ్ళు సాగాయి. 14 మంది చనిపోయారు. సరైన శుభ్రత పాటించి ఉంటే తర్వాతి పేలుళ్ళు జరిగి ఉండేవి కావని అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు 2009లో ఇచ్చిన నివేదిక సారాంశం. మొదటి పేలుడు యంత్రానిదైతే, మనుషుల్ని చంపింది మాత్రం ఊడవని దుమ్ము.

దూరదేశాల కథలే ఎందుకు? 2025 జూన్ 30న మన సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలో, మందు బిళ్ళల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు వాళ్ళలో చాలామంది ఉన్నారు. కారణాల చర్చ ఈ వ్యాసం పరిధిలోది కాదు. పిండి, చక్కెర, సెల్యులోజ్ - మూడూ కార్బోహైడ్రేట్లే, మూడూ మెత్తటి పొడిగా కాలే గుణం ఉన్నవే అన్న సంగతిని మాత్రం రసాయనశాస్త్రం చదివే వాళ్ళం గుర్తుంచుకోవాలి.

చట్టంలో ఉన్నది, లేనిది

1948 ఫ్యాక్టరీల చట్టం 11వ సెక్షన్ పూర్తిగా పరిశుభ్రత మీదనే. పనిగదుల నేల, బల్లలు, మెట్లు, నడవాల మీది చెత్తను రోజూ తొలగించాలని, నేలను వారానికి ఒక్కసారైనా కడగాలని, సున్నం వేసిన గోడలకు 14 నెలలకొకసారి మళ్ళీ సున్నం వేయాలని అందులో రాశారు. దుమ్మును పుట్టిన చోటికి వీలయినంత దగ్గరలోనే పీల్చే ఏర్పాటు ఉండాలని 14వ సెక్షన్ చెప్పింది. 2020లో పార్లమెంటు ఈ చట్టాన్ని కార్మిక భద్రతకు సంబంధించిన కొత్త కోడ్‌లో కలిపింది. పేర్లు మారినా ప్రశ్న మారలేదు. నేలకు రోజూ, గోడకు 14 నెలలకు అన్నారు. మరి దూలం పై భాగానికి, కేబుల్ ట్రే మీదికి, దీపం గిన్నెకు ఎన్నాళ్ళకు? పైకెక్కి చూస్తే తప్ప కనపడని ఆ చోట్లే పోర్ట్ వెంట్‌వర్త్‌లో మనుషుల ప్రాణం తీశాయి.

ఎలా శుభ్రం చేయాలి?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఆచరణలో పాటించవలసినవి ఇవి:

1. పుట్టిన చోటే పట్టాలి. ఎలివేటరు అడుగు, గొట్టాల అతుకులు, సంచి నింపే మూతి - దుమ్ము లేచేది ఇలాంటి నాలుగైదు చోట్లే. అక్కడ చిల్లులు పూడ్చి, పీల్చే గొట్టం పెట్టాలి. గొట్టం మూతి దగ్గరగా ఉండాలి. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పగలం. అంతే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పండి చూద్దాం! పీల్చే బలం గొట్టం వ్యాసమంత దూరంలోనే పదో వంతుకు పడిపోతుంది.

2. పై నుంచి కిందికి. ముందు దూలాలు, తర్వాత యంత్రాలు, చివర నేల. నేలతో మొదలుపెడితే పని రెండుసార్లు చేసినట్లు.

3. ఊదవద్దు, పీల్చాలి. కంప్రెసర్ గాలితో మూలల్లోని దుమ్మును ఊదడం, ఆ గాలితోనే ఒంటి మీది బట్టలు దులుపుకోవడం చాలాచోట్ల అలవాటు. పేలుడుకు కావలసిన ఐదింటిలో నాలుగోదాన్ని మన చేతులతో కల్పించడమే అది. వాక్యూమ్ యంత్రం వాడాలి. మామూలు వాక్యూమ్ మోటారులో రవ్వలు వస్తాయి కాబట్టి, పేలే పొడికి అందుకోసమే చేసిన, ఎర్తింగు ఉన్న యంత్రమే వాడాలి. హెపా ఫిల్టరు ఉంటే 0.3 మైక్రాన్ల కణాలు కూడా 99.97 శాతం ఆగుతాయి.

4. తడి చేసి తుడవాలి. మట్టి వాకిలి ఊడ్చే ముందు నీళ్ళు చిలకరించడం మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కరలేదు. రాతి దుమ్ముకైనా, సిమెంటు దుమ్ముకైనా ఆ సూత్రమే. అయితే కరెంటు పలకల దగ్గర నీళ్ళు పనికిరావు. అల్యూమినియం, మెగ్నీషియం పొడికి తేమ తగిలితే వేడి పుట్టి, హైడ్రోజన్ వెలువడుతుంది. 2014 ఆగస్టు 2న చైనాలోని కున్షాన్‌లో కారు చక్రాలు నునుపుచేసే ఫ్యాక్టరీలో తేమ తగిలిన అల్యూమినియం పొడి వేడెక్కి పేలి, తుది లెక్కకు 146 మంది చనిపోయారు. కాబట్టి పొడి ఏమిటో తెలియకుండా నీళ్ళు ముట్టరాదు.

5. యంత్రం ఆపి, తాళం వేసి. తిరిగే బెల్టు కింద ఊడుస్తూ చెంగో, జడో చిక్కుకుని ప్రాణాలు పోతుంటాయి. తిరుగుతున్న యంత్రభాగాలను ఆడవారి చేత, చిన్నవయసు వారి చేత శుభ్రం చేయించరాదని 1948 చట్టం 22వ సెక్షన్ చెప్పింది. స్విచ్చి ఆపితే చాలదు. దానికి తాళం వేసి, ఆ తాళంచెవి శుభ్రం చేసే మనిషి దగ్గరే ఉండాలి.

6. మాస్కు ఆఖరిది. పై అయిదూ చేశాక మిగిలిన దుమ్ముకే మాస్కు. అది ఎన్-95 రకం అయి, ముఖానికి అంటి ఉండాలి. తువ్వాలు, చెంగు లెక్కలోకి రావు.

ఎవరి పని? ఎప్పటి పని?

జపాను ఫ్యాక్టరీల నుంచి వచ్చిన అయిదు సూత్రాల పద్ధతిలో మూడవది 'సెయిసో', అంటే శుభ్రపరచడం. అక్కడ శుభ్రం చేయడమంటే పరీక్షించడం కూడా. యంత్రాన్ని చేత్తో తుడిచే మనిషికే ఏ బేరింగు వేడెక్కిందో, ఏ గొట్టం కారుతోందో మొదట తెలుస్తుంది. కాని మన దగ్గర ఊడ్చే మనిషి మాట వినేదెవరు? ఆమెది అందరికన్న తక్కువ కూలి, అందరికన్న ఎక్కువ దుమ్ము. షిఫ్టు అయిపోయాక మిగిలిన పావుగంటలో ముగించాల్సిన పని. ఆ పావుగంటను షిఫ్టులోనే కలిపి, ఏ చోటు ఏ రోజు ఎవరు శుభ్రం చేయాలో గోడ మీద రాసి, "ఇక్కడ దుమ్ము ఎక్కువగా కారుతోందండీ" అని ఆమె చెప్పిన మాట రాసుకునే పుస్తకం ఒకటి పెడితే చాలా మార్పు వస్తుంది. దానికి కావలసింది ఒక పుస్తకం, ఒక పెన్సిలు.

మనలో కొందరు రేపు కెమిస్టులుగా, సూపర్‌వైజర్లుగా ఇలాంటి ఫ్యాక్టరీల్లోనే చేరతాం. కొందరి నాన్నలకు మిల్లులు కూడా ఉన్నాయి. మొదటి రోజు లోపలికి అడుగుపెట్టినప్పుడు నేల వంక చూసి "బాగుంది" అనకండి. నిచ్చెన వేయించుకుని ఒక దూలం దాకా ఎక్కండి. పైన వేలితో మీ పేరు రాసి చూడండి. పేరు చదవడానికి వీలుగా పడితే ఆ మిల్లు ఇంకా శుభ్రం కాలేదన్నమాట. దిగి వచ్చి, ముందుగా అక్కడ ఊడ్చే మనిషిని అడగండి, దుమ్ము ఎక్కడి నుంచి వస్తోందని. ఆమెకు తప్పకుండా తెలిసి ఉంటుంది.

- తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి